నేను కడగని గొట్టం

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది, రోహిణి ఎండలు ఇంకా పోకముందే, నన్ను కెమిస్ట్రీ ల్యాబు నుంచి మూడో అంతస్తులోని పరిశోధన గదికి మారుస్తూ ఆర్డరు ఇచ్చారు. కావలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నాది ల్యాబ్ అటెండరు ఉద్యోగం. ఆర్డరులో ఉన్నది రెండే వరుసలు. గాజు సామాను, గొట్టాలు కడగాలి. మంచినీళ్లు పట్టి పెట్టి రిజిస్టరు రాయాలి. రిటైరు కావడానికి అప్పటికి నాకు పదహారు నెలలున్నాయి.

కాలేజీ పని తెలియని వాళ్ల కోసం మా మెట్లు ముందే చెప్తాను. పైన హెచ్‌ఓడీ గారు. ఆయన కింద ప్రొఫెసర్లు. వాళ్ల దగ్గర పీహెచ్‌డీ చేసే పిల్లలు, వాళ్లను స్కాలర్లంటారు. తర్వాత టెక్నీషియను. అందరికన్నా అడుగున అటెండరు. అడుగున ఉండేవాళ్లకు ఒక లాభం ఉంది. పైనుంచి ఏది జారినా మన మీదే పడుతుంది కాబట్టి, అది ఎక్కడినుంచి జారిందో కూడా మనకే ముందు తెలుస్తుంది.

నా చదువు ఐదో తరగతితో ఆగింది. మాది విడవలూరు అవతల సముద్రం ఒడ్డు పల్లె. కాలేజీలో చేరకముందు పన్నెండేళ్లు రొయ్య పిల్లల హేచరీలో పనిచేశాను. తొట్లు కడగడం, పిల్లలకు మేత వేయడం, మందు చుక్కలు పెట్టడం అక్కడే నేర్చుకున్నాను. కాబట్టి కడగడం నాకు కొత్త పని కాదు. కడగడంలో నన్ను తప్పు పట్టినవాళ్లూ అంతవరకు ఎవరూ లేరు.

ఆ గదిలో హరిత అనే స్కాలరు ఉండేది. కొడవలూరు దగ్గర రైతు ఇంటి పిల్ల. నాట్లప్పుడు ఇంటికి పోతే కాలివేళ్ల మధ్యన ఎండిన బురదతోనే తిరిగి వచ్చేది. ఆమెకు పని నేర్పే ప్రొఫెసరు గారిని మేమంతా గైడు సారనేవాళ్లం. నేను చేరిన మొదటి వారంలో, ఇక్కడ ఏం చేస్తున్నారు పాపా అని అడిగితే, హరిత విసుక్కోకుండా కూర్చుని చెప్పింది. మన ఫోను మాట గాలిలో తరంగాల మీద పోతుంది. ఒంటి లోపల, రక్తంలో, ఆ తరంగాలు సరిగా పోలేవు. అక్కడ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవాలంటే చాలావరకు ఏదో ఒక పదార్థాన్ని వదులుతాయి. అణువులన్న మాట. అవి నీళ్లలో కొట్టుకుపోయి ఇంకో కణాన్ని తాకుతాయి. అదే వాటి ఉత్తరం. రేపొక రోజున ఒంట్లో జబ్బును కనిపెట్టే చిన్న యంత్రం, మందు వదిలే ఇంకో యంత్రానికి ఇదే పద్ధతిలో కబురు పంపాలి. ఆ పంపే యంత్రం ఎలా ఉండాలన్నదే వాళ్ల పరిశోధన.

నాకు ఇది వింతగా తోచలేదు. ఆడ రొయ్య కుబుసం విడిస్తే, తొట్టికి ఆ మూలనున్న మగ రొయ్యకు నీళ్లలోనే తెలిసిపోతుంది. చూసి కాదు, విని కాదు. ఆ సంగతి చెప్తే హరిత నవ్వి, "నువ్వు నాకన్నా ముందే చదివినావక్కా ఈ పాఠం" అంది.

ప్రయోగం చూడటానికి చిన్నదే. బల్ల మీద సెలైను గొట్టమంత సన్నని గొట్టం పొడుగ్గా పరిచి ఉంటుంది. అందులో డిస్టిల్డ్ వాటరు, అంటే ఆవిరిపట్టి చల్లార్చిన నీళ్లు, ఒకే వేగంతో పారుతుంటాయి. ఒక కొసన మోటారుతో నడిచే సిరంజి ఉంటుంది. దానినుంచి మెత్తటి పైపు, పైపు చివర సూది, ఆ సూది గొట్టంలోకి దిగి ఉంటుంది. సిరంజిలో ఉప్పునీళ్లు. ఇదే పంపేది, వాళ్ల మాటలో ట్రాన్స్‌మిటర్. రెండో కొసన నీళ్లలో ఉప్పు ఎంతుందో చూసే మీటరు. అది అందుకునేది. ఒక చుక్క వదిలితే ఒకటి. వదలకుండా ఊరకుంటే సున్న. ఒకట్లు, సున్నలు పేర్చి ఏ మాటైనా రాయొచ్చట. మీటరు చూసిందంతా కంప్యూటరులో గీతగా పడుతుంది. ఉప్పు వస్తే గీత లేస్తుంది, పోతే దిగుతుంది.

నా పని రోజూ సాయంత్రం గొట్టం విప్పి కడగడం. సబ్బు నీళ్లతో ఒకసారి, కుళాయి నీళ్లతో మూడుసార్లు, ఆఖరున డిస్టిల్డ్ వాటరుతో మూడుసార్లు. ఆరబెట్టి, రిజిస్టరులో తేదీ, గొట్టం నంబరు వేసి సంతకం చేయాలి.

ఆషాఢం వచ్చేసరికి ఇబ్బంది మొదలైంది. హరిత ఒకటి, సున్న, సున్న, ఒకటి అని పంపితే, అవతల ఒకటి, ఒకటి, సున్న, ఒకటి అని వస్తోంది. చుక్క వదిలినప్పుడు గీత లేవడం బాగానే లేస్తోంది. దిగేటప్పుడు మాత్రం గభాలున దిగక, తోకలాగా సాగుతోంది. ఆ తోక పక్క సున్న మీద పడి దాన్ని కూడా ఒకటి చేస్తోంది. పుస్తకాల్లో రాసిన లెక్క ప్రకారం పంపేది కాగితం మీద కలం మొన ఆనించినంత చోటు, అంతే, దానికి పొడుగూ లోపలా ఉండవు. పంపు అనగానే మొత్తం ఒక్కసారి వదులుతుంది. ఆగు అనగానే ఆగుతుంది. ఆ లెక్కకు ఈ తోక కుదరడం లేదు. నెల రోజులు మోటారు మార్చారు, మీటరు మార్చారు. తోక పోలేదు.

మరి మిగిలింది ఎవరు? కడిగేవాళ్లు.

ఈ మాట మొదట టెక్నీషియను అన్నాడు. గొట్టం గోడలకు నిన్నటి ఉప్పు పట్టి ఉంటుందని. అన్నవాడు చాటున అనలేదు, నా ఎదురుగానే అన్నాడు. "ఏమో రమణమ్మక్కా, నీ కళ్లు ముందున్నట్టు ఉండవు గదా."

మర్నాడు మధ్యాహ్నం గైడు సారు నన్ను గదిలోకి పిలిచారు. హరిత కూడా ఉంది. ఆయన చెడ్డమనిషని నేను ఎన్నడూ అనను. మా ఆయనకు గుండె నొప్పి వచ్చినప్పుడు తన కారులో నెల్లూరు ఆస్పత్రికి పంపించిన మనిషి. ఆరు నెలలకోసారి స్కాలరు పనిని పరీక్షించే కమిటీ వస్తుంది. అది సోమవారం రాబోతోంది. ఈ తోకలున్న గీతలతో పోతే హరితను నిలదీస్తారు. అందుకని ఆయన ఒక కాగితం టైపు చేయించి పెట్టారు. సామాను శుభ్రం చేయడంలో లోపం జరిగినందువల్ల ఈ నెల రీడింగులు చెడినవి అని అందులో ఉంది. కింద నా సంతకానికి చోటు. నేను సంతకం పెడితే చెడిన రీడింగులన్నీ తీసేసి, బాగున్న నాలుగు మాత్రం కమిటీకి చూపించవచ్చు. అది మెమో కాదని, వివరణ మాత్రమేనని, నన్ను కెమిస్ట్రీ ల్యాబుకు తిరిగి పంపడం తప్ప ఇంకేమీ జరగదని ఆయన నెమ్మదిగా చెప్పారు. "పిల్ల జీవితం రమణమ్మా" అని మాత్రం పైకి అన్నారు.

నేను హరిత వంక చూశాను. ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తోంది.

నాకు ఒక రోజు గడువు కావాలన్నాను. సారు సరేనన్నారు.

అభిమానం కొద్దీ గడువు అడిగాననుకుంటారేమో. అదొక్కటే కాదు. నా మనసులో ఒక ముల్లు ఉంది. ఆ నెలలో ఒక రోజు పొద్దున్నుంచీ కరెంటు లేదు. డిస్టిల్డ్ వాటరు పట్టే యంత్రం నడవలేదు. క్యాన్లు అడుగంటాయి. మూడు గొట్టాలు మిగిలిపోయాయి. ఆఖరి కడుగు బోరు నీళ్లతో కానిచ్చేశాను. మా ఒడ్డు బోరు నీళ్లు ఎట్లాంటివో ఇక్కడివాళ్లకు చెప్పాల్సిన పని లేదు. గిన్నె బోర్లించి ఆరబెడితే తెల్లటి చారలు మిగులుతాయి. ఉప్పును కొలిచే మీటరు ముందు పెట్టే గొట్టానికి ఆ నీళ్లు పోయడమంత తప్పు ఇంకోటి లేదు. తెలిసే చేశాను. రిజిస్టరులో కడిగినట్టు సంతకం పెట్టాను. ఏ నీళ్లతో అన్నది రాయలేదు. రాయడానికి అందులో గడి కూడా లేదు.

ఇంటికిపోయి మా ఆయనతో చెప్పాను. ఆయన వలకు ముడులు వేసుకుంటూ అంతా విన్నాడు. "ఏం మే, ఒక్కరోజు తప్పు చేసినావు. నెల రోజుల తప్పుకు ఏలుముద్ర వేస్తావా? లేకుంటే ఆ ఒక్కరోజుది కూడా దాచుకుంటావా?" అన్నాడు. "రెండూ అబద్ధాలే గదా."

మర్నాడు తొమ్మిది గంటలకే పోయి, హరిత రాగానే బోరు నీళ్ల సంగతి చెప్పేశాను. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కంప్యూటరు తెరిచి, ఆ మూడు గొట్టాలూ వాడిన తర్వాతి రోజు గీత బయటికి తీసింది. పక్కన మిగతా రోజుల గీతలు పెట్టింది. చాలాసేపు చూసింది.

బోరు నీళ్ల గొట్టం గీత మొదటి చుక్క పడకముందే ఎత్తులో నిలబడి ఉంది. గోడలకున్న ఉప్పు కరిగి, మొదటినుంచీ మీటరుకు తగులుతోందన్న మాట. పోనుపోను అది దిగింది. మిగతా రోజుల గీతలు అట్లా లేవు. అవి నేల మీదనుంచే మొదలవుతున్నాయి. చుక్క పడేదాకా శుభ్రంగా ఉన్నాయి. చుక్క పడ్డాకే తోక పుడుతోంది.

"ఆ రోజు తప్పు నీదే అక్కా," అంది హరిత. "మిగతా రోజులది నీది కాదు."

సగం బరువు దిగింది. సగం దిగలేదు. కడిగిన మనిషి మాటను, కడిగిన మనిషికి కావలసిన పిల్ల మాటను, కమిటీ ఒప్పుకోదు. అందుకని నేనొక మాట అడిగాను. నేను చెయ్యి పెట్టని గొట్టం వేసి చూడమన్నాను. స్టోరులో కట్టు విప్పని కొత్త గొట్టం ఉంది. దాన్ని టెక్నీషియనే తెచ్చి, సీలు విప్పి, తనే కోయాలి. నీళ్లు హరితే పట్టాలి. నేను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుంటాను. టెక్నీషియను నవ్వినాడు గానీ, తెచ్చినాడు.

కొత్త గొట్టంలో నీళ్లు పారాయి. చుక్క పడింది. గీత లేచింది. దిగేటప్పుడు అదే తోక.

టెక్నీషియను నవ్వు ఆగింది. హరిత మాత్రం ఇంకా దిగులుగానే ఉంది. గొట్టంలో తప్పు లేదని తేలింది గానీ తప్పు ఎక్కడుందో తేలలేదు. సోమవారానికి ఇంక మూడు రోజులే.

అప్పుడు నాకు హేచరీ గుర్తొచ్చింది. గుర్తురావడం కాదు, ఎన్నడూ మరిచింది లేదు. ఒకసారి రొయ్య పిల్లల తొట్టికి ఫార్మలిన్ అనే మందు చుక్కలు పెట్టమన్నారు. పైన బకెట్టు, దానికి పొడుగాటి మెత్తటి పైపు, బకెట్టు దగ్గర బిగించే క్లిప్పు. చెప్పినంతసేపు చుక్కలు పడనిచ్చి క్లిప్పు బిగించి భోజనానికి పోయాను. క్లిప్పు నిజంగానే బిగించాను. కానీ క్లిప్పుకూ తొట్టికీ మధ్య మూరల కొద్దీ పైపుంది. అందులో నిండి ఉన్న మందు నేను తిని వచ్చేదాకా కారుతూనే ఉంది. తిరిగి వచ్చేసరికి పిల్లలన్నీ తెల్లగా అడుగున పడి ఉన్నాయి. మూసినాను సార్ అని అక్కడి సూపర్‌వైజరుతో అన్నాను. అది అబద్ధం కాదు. మూయడం వేరు, ఆగడం వేరు అని నాకు ఆ తొట్టి దగ్గరే తెలిసింది.

లేచి సిరంజి దగ్గరికి పోయాను. సిరంజికీ సూదికీ మధ్య జానెడు మెత్తటి పైపు. ఈ నెల రోజుల్లో నేను వేలకొద్దీసార్లు చూసిన పైపే. "పాపా, మోటారు ఆగినాక సూది మొనలోనించి ఇంకా ఏమన్నా వస్తుండాదేమో చూసినావా?" అని అడిగాను.

ఉప్పునీళ్లకు రంగుండదు కాబట్టి కనబడదని చెప్పింది. ఆగిపోతుందనే లెక్క వేశారట.

అయితే రంగు వేయమన్నాను. ఇంకు వేద్దామంటే సన్నటి సూదిలో అడ్డం పడుతుందేమోనంది. మా హాస్టలు ధోబీ దగ్గరికి పోయి బట్టలకు పెట్టే నీలం రెండు చుక్కలు సీసాలో తెచ్చాను. హరిత దాన్ని ఉప్పునీళ్లలో కలిపి, సిరంజి నింపింది. గొట్టం వెనక తెల్లకాగితం పెట్టింది. మోటారు ఒక్కసారి కదిలి ఆగింది. నీలం చుక్క గొట్టంలో పడి కొట్టుకుపోయింది.

ఆ వెనకాలే సూది మొననుంచి, వెంట్రుకంత నీలం దారం ఒకటి సాగుతూ వచ్చింది. మోటారు ఆగే ఉంది. దారం ఆగలేదు.

హరిత కుర్చీ లాక్కుని దాని ఎదుట కూర్చుంది. మోటారు తోసినప్పుడు మెత్తటి పైపు కాస్త ఉబ్బుతోంది. ఆగినాక తన పాత లావుకు వస్తూ, లోపల మిగిలినదాన్ని మెల్లగా బయటికి నెడుతోంది. అదంతా తర్వాత తెలిసింది. ఆ పూట మాకు కనిపించింది ఆ దారం ఒక్కటే.

గైడు సారు పదకొండు గంటలకు వచ్చారు. కాగితం ఆయన చేతిలోనే ఉంది. హరిత మోటారు ఒకసారి కదిలించి ఆపింది. ఆయన వంగి చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. మూడోసారి చేతి గడియారం చూస్తూ దారం తెగేదాకా లెక్కపెట్టారు. "మన లెక్కలో ఇది లేదు," అన్నారు. లేచి నిలబడి, "ఎవరి లెక్కలోనూ ఇది లేదనుకుంటా," అన్నారు.

ఆ కాగితం అవసరం లేదని మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను మాత్రం వేరే కాగితం అడిగాను. ఫలానా తేదీన డిస్టిల్డ్ వాటరు లేక మూడు గొట్టాలను బోరు నీళ్లతో కడిగి, ఆ సంగతి రిజిస్టరులో రాయలేదని నా చేత్తో రాసి ఇచ్చాను. ఇప్పుడు ఇది ఎందుకని సారు అన్నారు. ఆ ఒక్క రోజు గీత తీసేయాలంటే కారణం ఉండాలి కదా అన్నాను. ఆయన తీసుకున్నారు. పద్ధతి ప్రకారం ఆఫీసుకు పంపారు. పది రోజులకు నాకు మెమో వచ్చింది.

సోమవారం కమిటీ ముందు హరిత తోకలున్న గీతలన్నీ పెట్టింది. బోరు నీళ్ల గీత ఒక్కటీ కారణంతో సహా పక్కన పెట్టింది. ఒక పెద్దాయన, సరిగా ఆగని యంత్రంతో పరిశోధన ఏమిటని కోప్పడ్డారట. ఇంకొకాయన, ఒంట్లో కణం మాత్రం మీరు చెప్పగానే ఆగుతుందా అని అడిగారట. చివరికి పాత లెక్క పక్కన పెట్టి మొదటినుంచీ చేయమన్నారు. ఆమెకు ఇంకో ఏడాది పైన పట్టింది. గట్టి పైపు వేస్తే తోక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అందుకని దాన్ని పోగొట్టడం మానేసి కొలవడం మొదలుపెట్టారు. చుక్క బయటపడటానికి ఎంతసేపు పడుతుంది, ఆగమన్నాక ఎంత కారుతుంది, సిరంజి ఖాళీ అయ్యేకొద్దీ చుక్క ఎట్లా మారుతుంది, ఇవన్నీ లెక్కలోకి ఎక్కించారు. అలా చేశాక, తోక ఉన్నా సరే, సున్న సున్నగానే అందింది. ఎంత తోక ఉంటుందో ముందే తెలుసు కాబట్టి దాన్ని తీసేసి చదువుకోవచ్చు.

ఒకరోజు గొట్టాలు ఆరబెడుతుంటే హరిత వచ్చి పక్కన నిలబడింది. "ఆ రోజు సారు గదిలో నేను నోరు తెరవాల్సింది అక్కా," అంది.

"తెరవలేదు గదా," అన్నాను. "ఇప్పుడు తెరిచినావు. ఆలస్యంగా వచ్చింది కూడా లెక్కలో రాసుకో."

ఆ పిల్ల నవ్వలేదు. గొట్టాలు ఆరబెట్టడంలో సాయం చేసింది.

నేను రిటైరయిన రోజు ఆఫీసులో నా సర్వీసు ఫైలు ముందు పెట్టి సంతకాలు చేయించుకున్నారు. అందులో మెమో అదొక్కటే. గుమాస్తా జాలిపడి, ఆఖర్లో ఇదేందక్కా అన్నాడు. నాదే, ఉండనీ అన్నాను. వాష్ రిజిస్టరులో మాత్రం ఆ మెమో వచ్చిన వారమే నేను ఒక కొత్త గడి గీసుకున్నాను. ఏ నీళ్లు అని దానికి పేరు. నా తర్వాత వచ్చినామె కూడా అది నింపుతోందని హరిత చెప్పింది.

ఈ పనిలో నేను తెలుసుకున్నది ఇంతే. కబురు చెడినప్పుడు అందరూ ముందు దారి కడిగినవాళ్లను అడుగుతారు. అడగడం తప్పు కాదు, ఒక రోజు తప్పు నాదే అయింది. కానీ పంపేవాడు ఆపాను అన్నాక ఎంతసేపు పంపుతూనే ఉన్నాడో కొలవకుండా ఆ విచారణ ముగించకూడదు. కొలవాలంటే ముందు దానికి రంగు వేయాలి.